ఏసుపాదం బాజా, అట్ట మీద నా పేరు

ఒక మనిషిని నేను సగం దారిలోంచి వెనక్కి తిప్పించాను. ఇన్నేళ్ళూ ఈ ఒక్క మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. కట్టుకున్నదానికి చెప్పలేదు, కన్నవాళ్ళకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పోయిన నెల ఈ ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. ముంబయిలో పాత రికార్డులు మళ్ళీ వేసే ఒకాయన పంపించాడు. నిగనిగలాడే పెద్ద నల్ల ప్లేటు, మందపాటి అట్ట. వయసులో ఉన్నప్పుడు మా రైల్వే కాలనీ బ్యాండువాళ్ళం వైజాగ్ వెళ్ళి ఇచ్చిన రికార్డే అది. ఆర్గన్, గిటారు, డ్రమ్ములు, శాక్సోఫోన్. దాన్ని సోల్ జాజ్ అంటారట. మేం క్లబ్బు మ్యూజిక్ అనేవాళ్ళం. అప్పుడు కొన్నవాడు లేక కంపెనీవాళ్ళు మూల పడేశారు. ఇప్పుడది అపురూపమట. మా ఊళ్ళో దాన్ని తిప్పే మెషీన్ ఒక్కటీ లేదు, అది వేరే సంగతి.

అట్ట వెనక శాక్సోఫోన్ అని రాసి, ఎదురుగా నా పేరు వేశారు. కింద పెద్ద వ్యాసం. మొదటి పాట చివర్లో శాక్సోఫోన్ హఠాత్తుగా ఆగిపోతుంది కదా, అది గొప్ప సాహసమట. ఆ మౌనంలో మా ఊరి బైలడిల్లా కొండల నిశ్శబ్దం వినిపిస్తుందట. చదివి నవ్వాను. కొండలూ లేవు, నిశ్శబ్దమూ లేదు. ఆ తర్వాత ముక్క నాకు రాదు, అంతే.

ఆ పాట ఏసుపాదానిది. శాక్సోఫోనూ అతనిదే. మేం బాజా అనేవాళ్ళం.

ఏసుపాదం బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాడు. ఖనిజం బండ్ల మీద డ్రైవరు. నేను డ్రైవర్లకి డ్యూటీలు వేసే గుమాస్తాని. పిలుపు వెళ్ళిందంటే అన్నం ముందు కూర్చున్నవాడైనా లేచి రావాలి. ఎవరికి ఏ బండి అన్నది నా చేతిలో ఉండేది. ఆదివారాలు అతను చర్చిలో వాయించాలని, ఏ బండి ఎటు తిప్పయినా ఆ పూట ఖాళీ చేసిపెట్టేవాణ్ణి. అందుకే నన్ను నమ్మాడు. ఆ బాజా పట్టుకోవడం నాకు నేర్పిందీ అతనే. నేను వాయిస్తే జనం బాగుందనేవారు. అతను వాయిస్తే మాటలు ఆపేసేవారు. నాకు ఒళ్ళు మండేది. స్నేహితుడు కదా అని నవ్వుతూ చప్పట్లు కొట్టేవాణ్ణి. లోపల మాత్రం ఎప్పుడు తడబడతాడా అని చూసేవాణ్ణి. తడబడేవాడు కాదు.

రికార్డు ఇవ్వడానికి రమ్మని వైజాగ్ కబురు వచ్చాక అతను సెలవు అడిగాడు. నేనే వద్దన్నాను. సెలవెందుకు పాడుచేసుకోవడం, ముందురోజు ఖనిజం బండి వేస్తాను, సగం దారి డ్యూటీ మీదే దిగిపో, అక్కడ డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూమ్‌లో ఓ కునుకు తీస్తే మర్నాడు మేం వచ్చే పాసింజరు ఎక్కేయొచ్చు అన్నాను. మా లైన్లో డ్రైవర్లంతా ఊళ్ళకి అలాగే వెళ్ళేవారు. అతనికి అనుమానం ఎందుకొస్తుంది? పైగా సంతోషపడ్డాడు. బాజా పెట్టె తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఇంజన్లో దుమ్ము పడిపోద్ది గురూ. నీ కాడే ఉంచు," అన్నాడు.

పుచ్చుకున్నాను. పుచ్చుకుని, అతని బండి కదిలాక, అతను దిగబోయే కింది స్టేషన్లో నాలాంటి గుమాస్తాకే ఫోన్ చేశాను. రెస్టు ముగియగానే ఏసుపాదాన్ని ఖాళీ పెట్టెల బండి ఎక్కించి వెనక్కి పంపించెయ్, ఇక్కడ డ్రైవర్లు చాలడం లేదు అన్నాను. డ్రైవర్లు చాలినంత మంది ఉన్నారు. అలా చెయ్యాలని ఎప్పుడు అనుకున్నాను? ఫోన్ ఎత్తాకా, బాజా పెట్టె బరువు చేతికి తగిలినప్పుడా? లేక సెలవు వద్దన్నప్పుడేనా? సెలవు వద్దన్నప్పుడే. నాకు నేను కూడా చాలా ఏళ్ళు వేరేలా చెప్పుకున్నాను.

అప్పుడు మాది ఒకటే లైను. పైకి, మా ఊరివైపు వెళ్ళే బండికి దారివ్వడానికి మా పాసింజరుని ఒక చిన్న స్టేషన్లో పక్కకి తీసి ఆపారు. ఆ వచ్చే బండి ఏదో బ్యాండువాళ్ళలో నా ఒక్కడికే తెలుసు. ఇంజన్ కిటికీలోంచి ఏసుపాదం సగం బయటికి వంగి, మా పెట్టెలన్నీ వెతుక్కుంటూ వస్తున్నాడు. మావాళ్ళు కేకలు వేశారు. అతను చెయ్యి ఊపుతున్నాడు, ఏదో అరుస్తున్నాడు. బాజా నా ఒళ్ళో ఉంది. నేను కిటికీ షట్టరు దించేశాను.

స్టూడియోలో మావాళ్ళు దిగులుగా ఉంటే నేను ధైర్యం చెప్పాను. నేను వాయిస్తానులే అన్నాను. ఎంత పెద్దరికం! చివరి ముక్క నా ముందు అతనెప్పుడూ రెండోసారి వాయించలేదు. విన్నది గుర్తున్నంత వరకూ వాయించి, గుర్తు లేనిచోట ఆపేశాను. కంపెనీవాడు భలే అన్నాడు.

తిరిగొచ్చి పెట్టె ఇచ్చేటప్పుడు ఏసుపాదం ఒక్కటే అడిగాడు. "ఏటయ్యింది గురూ, నన్నెందుకు తిప్పీసేరు?"

"పైనుంచి ఆర్డరు," అన్నాను. "నేనేం చెయ్యను?"

"నీ సేతుల్లో ఏటుందిలే. నేనెల్లకపోయినా నా బాజా ఎల్లింది కదా."

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత కూడా చర్చిలో వాయించాడు, క్లబ్బులో మాత్రం మానేశాడు. ఎందుకు మానేశావని అందరూ అడిగారు. నేను అడగలేదు.

ఇద్దరం ఇక్కడే రిటైరై ఇక్కడే మిగిలిపోయాం. ఈ ఎర్ర దుమ్ము అలవాటైపోయింది. పోయిన వారం అట్ట చంకన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చెబుదామని వెళ్ళానా, గొప్పకి చూపిద్దామని వెళ్ళానా? నిజంగా నాకు తెలియదు. ఏసుపాదం చేతులిప్పుడు వణుకుతాయి. చెవులు బాగానే ఉన్నాయి. ముంబయి ఆయన పాట ఫోన్లోకి కూడా పంపాడు కాబట్టి అదే పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు. శాక్సోఫోన్ ఆగిపోయింది. అతని వేళ్ళు మోకాలి మీద ఆగలేదు.

"ఇక్కడెందుకు ఆపీసేవు గురూ? ఇంకా ఉంది కదేటి," అని గొంతులోనే అందుకున్నాడు.

అదే ముక్క. నేను ఇన్నేళ్ళూ ఎంత తన్నుకున్నా గుర్తు రానిది. మొదట మెల్లగా కిందికి దిగింది. అక్కడి నుంచి ఎటో తిరిగి పైకి వెళ్ళబోతోంది. ఇక వినలేకపోయాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నిన్ను తిప్పించింది నేనే ఏసుపాదం. ఆర్డరూ లేదు, ఏమీ లేదు. నేనే ఫోన్ చేశాను."

రాగం ఆగిపోయింది. అతను అట్ట తీసుకుని, దాని మీద ఉన్న నా పేరు చదివాడు. ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది. అసూయ అని చెప్పేవాణ్ణి. అతను అడగలేదు.

"ఇంటికెల్లు," అన్నాడు. గురూ అనలేదు.

మళ్ళీ వెళ్ళాను. వాళ్ళమ్మాయి గుమ్మంలోనే నిలబడి, నాన్న పడుకున్నాడంది. లోపల దగ్గు వినపడుతూనే ఉంది. ముంబయి ఆయనకి ఫోన్ చేసి ఆ పాట నాది కాదని, పేరు మార్చమని చెప్పాను. రికార్డులన్నీ అమ్ముడైపోయాయి సాబ్ అన్నాడు హిందీలో, సంతోషంగా. ఆ పాట చివర ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక ఏసుపాదం పాడడు, నాకోసమైతే అసలే పాడడు.

ఇంకొకటి కూడా చెప్పేయాలి, లేకపోతే ఇది కూడా సగంలో ఆపినట్టే అవుతుంది. ఏసుపాదం దగ్గర ఆ మాట అనేసిన రోజు నుంచి నాకు హాయిగా నిద్ర పడుతోంది.