డేగ గూడు నాకెలా కనిపించిందంటే

డబ్లిన్‌ని ఆనుకున్న నేషనల్ పార్కులో ఒక పాత రాతి క్వారీ ఉంది. వైద్య పరికరాల ప్లాంటులో వారమంతా లోపాలు వెతకడం నా ఉద్యోగం. ఆదివారం ఆ బండ ఎక్కడం నా విలాసం. ఆరేళ్ళపాటు అక్కడ ఎక్కే తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరూ అడక్కపోయినా ఆ మాట ప్రతి పార్టీలో చెప్పుకునేవాణ్ణి.

ఊళ్ళో టెక్ కంపెనీలు పెరిగి మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో వరంగల్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు, నాకంటే పదేళ్ళు చిన్న. బండ ఎక్కడం నేర్పమన్నాడు. ముడులు వేయడం దగ్గర్నుంచి అన్నీ నేర్పాను. నాలుగు నెలలు తిరక్కుండానే ఏకు మేకైంది. ఆరేళ్ళుగా నేను సగంలో జారిపోతున్న కుడిగోడని అతను ఈల వేసుకుంటూ ఎక్కేశాడు. గురువుని మించిన శిష్యుడని అందరికీ చెప్పి నవ్వాను. లోపల కడుపు మండిపోయింది.

ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు కింద తాడు పట్టుకుని నిలబడాలి. పైవాడు జారితే బిగించి ఆపాలి కాబట్టి చూపు వాడి మీదే ఉండాలి. అతనికి నేను చెప్పిన మొదటి పాఠం అదే. కానీ అతను అంత తేలిగ్గా పైకి పోతుంటే చూడలేక ఎడమవైపుకి తల తిప్పుకునేవాణ్ణి. అలా కనిపించింది డేగల గూడు, ఎవరూ ఎక్కని ఎడమగోడ చివర, ఒక చీలికలో. అతను దిగాక ఫోన్లో ఫోటోలు తీసేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు.

ఆ వసంతంలో క్వారీ మీద డేగలు తిరుగుతున్నాయని, బండ మొత్తం మూసేస్తామని పార్కువాళ్ళు నోటీసు పెట్టారు. చర్చి హాల్లో మీటింగు. బండ ఎక్కే మావాళ్ళ తరఫున మాట్లాడటానికి అందరూ అతన్నే ఎన్నుకున్నారు. బాగా మాట్లాడాడు, అది ఇంకో మంట. ఊరివాళ్ళు టిక్కెట్టు కొనకుండా, బస్సు దిగి నడిచి అందుకోగల బండ ఇదొక్కటే అన్నాడు. అక్కడ చెత్త ఏరేది కూడా ఎక్కేవాళ్ళే అన్నాడు. మీటింగు నడిపే పెద్దావిడ, అదంతా గ్రాండ్, బాగానే ఉంది, కానీ గూడు ఎక్కడుందో తెలియకుండా ఏ గోడ తెరిచి ఉంచమంటారని అడిగింది. అతను తడబడ్డాడు. నిజం చెప్పాలంటే, ఆ తడబాటు నాకు హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. నేను నోరు మూసుకుంటే బండ మూతపడుతుంది. నోరు తెరిస్తే, ఎక్కణ్ణుంచి చూశావని అడుగుతారు. చివరికి లేచి ఫోటోలు చూపించాను. అడగనే అడిగారు. కుడిగోడ కింద, తాడు పట్టుకుని నిలబడే చోటు నుంచి అన్నాను. ఎన్నిసార్లంటే, ఇంచుమించు ప్రతి ఆదివారం అన్నాను. పార్కువాళ్ళు అది రాసుకున్నారు. మావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

డేగపిల్లలు ఎగిరేదాకా ఎడమగోడ ఒక్కటే మూయడానికి ఒప్పందమైంది. టీ బల్ల దగ్గర అతను నా పక్కకి వచ్చాడు.

"అన్నా, అప్పుడు నా తాడు నీ చేతులనే ఉండె గదా."

"ఉంది. నువ్వట్టా ఎక్కుతుంటే చూళ్ళేకపోయా. కుళ్ళు."

అతను కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

కుడిగోడ ఇప్పటికీ తెరిచే ఉంది. ఆదివారాలు అతను ఎక్కుతాడు. నన్ను పలకరిస్తాడు, తెచ్చుకున్న పులిహోరలో సగం పెడతాడు, తాడు మాత్రం ఇవ్వడు. బాలింకాలిగ్ అనే ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒకామె పట్టుకుంటుంది. ఎక్కడం మొదలుపెట్టి మూడు నెలలు కూడా కాలేదు. తల పైకెత్తిందంటే అతన్ని తప్ప దేన్నీ చూడదు. నేను ఖాళీ చేతులతో పక్కన నిలబడి, ఆమెని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటాను.