మావారి తొడ మీద మచ్చ

ఆ రోజు స్నానం చేసి వచ్చిన మావారు లుంగీ కట్టుకోలేకపోయారు. గుడ్డ ఎడమ తొడకి తగలగానే పళ్ళు బిగబట్టి గోడ పట్టుకున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే ఊదారంగు మచ్చ, చుట్టూ వల పరిచినట్టు సన్నని గీతలు. ఇంతోటి మచ్చకి అంత నొప్పేమిటా అని నాకు భయమేసింది.

మాది శ్రీకాకుళం వైపు. రాయ్‌పూర్ పక్కన సిల్తారాలో మావారికి స్టీల్ ప్లాంటు ఉద్యోగం వచ్చి రాయ్‌పూర్‌లోనే స్థిరపడ్డాం. మావారికి కిడ్నీలు పాడై కొన్నేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ఫర్నేసు దగ్గర పనిచేసిన వాళ్ళకి నిప్పురవ్వలు పడి మచ్చలుండటం మామూలే కనక, ఇదీ అలాంటి పాత మచ్చే, వదిలెయ్యమన్నారు. నేను వదిలే రకం కాదు. కొబ్బరినూనె వెచ్చచేసి రాద్దామని చెయ్యి వేశాను. డయాలసిస్ సూదులు గుచ్చినా కిమ్మనని మనిషి కేక పెట్టారు. చర్మం కింద గట్టిగా ఏదో గడ్డలా నా వేళ్ళకి తగిలింది.

మర్నాడు డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు డాక్టరుకి చూపించాను. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే ఆయన మచ్చ చూడగానే నవ్వు ఆపేసి టెస్టుల చీటీ రాయడం మొదలుపెట్టారు. నన్ను భయపెట్టింది అదే. బ్లడ్ టెస్టులో కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ అనే హార్మోను అన్నీ ఎక్కువగా వచ్చాయి. ఎక్స్‌రేలో రక్తనాళాలు తెల్లటి గీతల్లా కనిపించాయి. మామూలుగా అవి అలా కనిపించకూడదట. చర్మం ముక్క తీసి బయాప్సీ చేస్తే ఆ కోత మానకపోవచ్చని దాని జోలికి పోలేదు. జబ్బు పేరు కాల్సిఫైలాక్సిస్ అన్నారు. చర్మానికి రక్తం తీసుకెళ్ళే సన్నని నాళాల్లో కాల్షియం పేరుకుపోయి, రక్తం అందక అక్కడి చర్మం చచ్చిపోతుందట.

మావారు లోపల మిషను మీద ఉండగా, ప్రాణానికి ప్రమాదమా అని నాకొచ్చిన హిందీలో అడిగాను. డాక్టరు దాచలేదు. "గాయమై ఇన్‌ఫెక్షన్ వస్తే ప్రమాదమేనమ్మా. అది రాకుండా చూడటమే ఇప్పుడు మన పని" అన్నారు. ఆయన ఏం చెప్పారని మావారు ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు. తగ్గిపోతుందన్నారని అబద్ధం చెప్పాను.

ఫాస్ఫరస్ కోసం అంతవరకూ వాడుతున్న కాల్షియం మాత్రలు, వాటితోపాటు విటమిన్ డి ఆపేశారు. బదులుగా కాల్షియం లేని సెవెలమర్ మాత్రలు ఇచ్చారు. పీటీహెచ్ తగ్గడానికి మరో మాత్ర. డయాలసిస్ రోజులు పెంచి, ప్రతిసారీ చివర్లో, పేరుకున్న కాల్షియం కరగడానికి సోడియం థయోసల్ఫేట్ అనే మందు ఎక్కించేవారు. అందరికీ పనిచేస్తుందని చెప్పలేమన్నారు. అది ఎక్కుతుంటే ఆయనకు ఒకటే వాంతులు.

అప్పుడే అక్కడి డైటీషియన్ ఒక మాట అడిగింది: ఆ కాల్షియం మాత్రలు ఎప్పుడు వేసుకునేవారు? భోజనంతో కలిపి వేసుకోవాలని మాకు చెప్పిన మాట నిజమే. కానీ మావారికి ఎంగిలి పట్టింపు ఎక్కువ. అన్నం కలిపిన కుడిచేత్తో మందు ముట్టుకోరు. ఎడంచేత్తో నోట్లో వేసుకోవడం ఆయన దృష్టిలో ఇంకా తప్పు. అందుకని భోజనం ముగించి, చేతులు కడుక్కుని, టీవీలో వార్తలన్నీ చూశాక తీరిగ్గా వేసుకునేవారు. తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకోవాల్సిన మాత్రకి పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగలక, అందులోని కాల్షియం రక్తంలోకి పోయేదట. ఫాస్ఫరస్ తగ్గడం లేదని ప్రతిసారీ డోసు పెంచారు, మేమూ భక్తిగా పెంచుకుంటూ పోయాం. ఈ జబ్బుకి కారణం అదొక్కటే కాదు, అదీ ఒకటి అన్నారు డాక్టరు. ఆ రోజు నుంచి కంచం దగ్గర కూర్చుని, రెండు ముద్దలు తిన్నాక ఈ కొత్త మాత్ర నేనే ఆయన నోట్లో వేస్తున్నాను. మొదట్లో చంటిపిల్లాడిలా మొహం తిప్పుకునేవారు.

ఇంత చేసినా మచ్చ పగిలింది. పైన నల్లటి పెచ్చు కట్టి, లోపల చీము పట్టింది. జ్వరం వస్తే ఆస్పత్రిలో చేర్చాం. సర్జన్ వచ్చి చూసి వెళ్ళిన ప్రతిసారీ కాలు తీసేస్తామంటారేమోనని భయపడేదాన్ని. ఒకరోజు డయాలసిస్‌కి తీసుకెళ్తుంటే ఆయన మంచం ఊచ పట్టుకుని వదల్లేదు.

"ఆ మందు నా వల్ల కాదు. ఇంటికెల్లిపోదాం పద" అన్నారు.

"మీరు నేకుండా ఆ ఇంటికి నానెల్లి ఏటి చెయ్యాలి?" అన్నాను.

ఆయన నా మొహం చూడకుండానే ఊచ మీంచి చెయ్యి తీసేశారు.

యాంటీబయాటిక్స్‌కి జ్వరం దిగింది. చచ్చిన చర్మాన్ని కొంచెం కొంచెంగా తీశారు. రోజూ డ్రెస్సింగు. ఆ సమయానికి నేను గది బయట నిలబడి చెవులు మూసుకునేదాన్ని. చాలా రోజుల తర్వాత కట్టు కట్టే సిస్టర్ నన్ను లోపలికి పిలిచి, "లాల్ దిఖ్ రహా హై, భాభీ. అచ్ఛా హై" అంది. గాయం ఎర్రగా ఉంటే రక్తం అందుతున్నట్టు, మానుతున్నట్టు. ఎర్రటి గాయం చూసి సంతోషపడే రోజొకటి వస్తుందని ఎవరనుకుంటారు?

అది పూడటానికి నెలలు పట్టింది. ఇప్పుడక్కడ లోతైన మచ్చ మిగిలింది. ఆయన కాస్త కుంటుతూ కూరగాయల బజారు దాకా నడుస్తున్నారు. బేరమాడటం చేతకాదని నేను దెప్పుతూనే ఉన్నాను. డయాలసిస్ సాగుతోంది. ఈ జబ్బు మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేదు, నా భయమూ పోలేదు.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళున్న ఇళ్ళకి నేను చెప్పేది ఒకటే. చర్మం మీద కొత్త మచ్చ, అంతుపట్టని నొప్పి కనిపిస్తే నూనె రాయకండి, పిసకకండి, అదే రోజు డాక్టరుకి చూపించండి. మందులు ఎప్పుడెలా వేసుకుంటున్నారో కూడా ఉన్నదున్నట్టు చెప్పండి.

మొన్న ఆయనే నన్ను పిలిచి పొట్ట మీద ఎర్రటి మచ్చ చూపించారు. వంట సగంలో ఆపేసి ఆటో ఎక్కాం. డాక్టరు పరీక్షగా చూసి, దోమ కుట్టిందన్నారు. బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం.