పచ్చరంగు పడిన కేసు

రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా, ఒక జూన్ నెలలో, నన్ను మా మండలానికి రెఫరల్ నెట్‌వర్క్ నోడల్ ఆఫీసరుగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను అనంతపురం జిల్లా ఆరోగ్య కేంద్రాల్లో ముప్పై ఏళ్లు పైబడి పనిచేసి, హెల్త్ సూపర్‌వైజరు హోదాలో ఉన్నాను. నోడల్ ఆఫీసరైతే కుర్చీ మారదు, గది మారదు. ఏదైనా తప్పు జరిగితే సంజాయిషీ ఎవరిని అడగాలో పైవాళ్లకు ఒక పేరు దొరుకుతుంది, అంతే.

నెట్‌వర్క్ ఉద్దేశం మంచిదే. వెనకటికి రోగిని ఇంకో చోటికి పంపాలంటే చీటీ రాసిచ్చేవాళ్లం. చీటీ పోతే రోగి జాడ కూడా పోయేది. ఇప్పుడు ఆసుపత్రి, వైకల్య ధ్రువపత్రాలిచ్చే విభాగం, ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఫిజియోథెరపీ కేంద్రం, పింఛన్ల ఆఫీసు, అన్నీ ఒకే యాప్‌లో ఉంటాయి. మేము కేసు పంపితే పసుపు రంగు పడుతుంది. అవతలివాళ్లు అందుకుంటే పచ్చ. వారం దాటినా ఎవరూ ముట్టకపోతే ఎరుపు. నెలనెలా సమీక్షలో చూసేది రంగులే కాబట్టి, ఎరుపు రాకుండా చూసుకోవడం మాకు త్వరలోనే బాగా అలవాటైంది.

ఆ ఆగస్టులో హుసేనప్ప కేసు వచ్చింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో ఇరవై ఏళ్లు మిషన్ మీద కూర్చున్న మనిషి. పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోతే భార్య ఫకీరమ్మ సొంతూరికి, అంటే మా మండలానికి, తీసుకొచ్చింది. ప్రాణభయం లేదనీ, వెంటనే వ్యాయామం మొదలుపెట్టించాలనీ ఆసుపత్రి డాక్టరు రాశారు. పక్షవాతంలో మొదటి నెలలే కీలకం. పోయిన కదలిక తిరిగి వచ్చేది ఎక్కువగా అప్పుడే. నేను అదే రోజు ఫిజియోథెరపీ కేంద్రానికి కేసు పంపించాను.

రెండు రోజుల్లో పచ్చరంగు పడింది. నేను ఫైలు మూసేశాను.

తర్వాత జరిగింది నాకు ఆలస్యంగా తెలిసింది. కేంద్రం వాళ్ల పేజీలో వైకల్య ధ్రువపత్రం నంబరు వేయనిదే కేసు ముందుకు కదలదు. అందుకని అక్కడి కంప్యూటరు ఉద్యోగి దాన్ని ధ్రువపత్రాల విభాగానికి పంపాడు. పక్షవాతం రోగికి కొన్ని నెలలు గడిచి, ఇక ఇంతకన్నా బాగుపడడని తేలాకే ధ్రువపత్రం ఇస్తారు. కాబట్టి ఆ విభాగం ఆసుపత్రి రిపోర్టు కోరింది. ఆసుపత్రి, ముందు వ్యాయామం చేయించి రమ్మని మళ్లీ కేంద్రానికే పంపింది. బాగుపడడని రాసిస్తే తప్ప బాగుచేసే చోట అడుగుపెట్టే వీలు లేదు. అయినా ఎవరూ తప్పు చేయలేదు. అందరూ గడువులోపలే అందుకున్నారు, గడువులోపలే పంపారు. ప్రతి మజిలీలోనూ ఒక పచ్చరంగు పడింది. మూడు చోట్లా పచ్చ పడేసరికి యాప్ కేసు పూర్తయినట్టు లెక్క వేసుకుంది.

డిసెంబరు సమీక్షలో మా మండలాన్ని మెచ్చుకున్నారు. ఒక్క రోగికి మూడు శాఖల సేవలు అందించిన ఉదాహరణగా తెర మీద చూపించింది హుసేనప్ప కేసునే. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నేను తీసుకున్నాను.

ఆ మర్నాడు ఫకీరమ్మ మా ఆరోగ్య కేంద్రానికి వచ్చి, ఫోను నా బల్ల మీద పెట్టింది. మీ అభ్యర్థన పూర్తయింది, ధన్యవాదాలు అని అందులో ఉంది.

"పూర్తయిందంట సార్. ఏమి పూర్తయింది? మా ఇంటాయన చెయ్యి ఇంకా అట్లే ఉండాది. యాడికి పోవల్లో ఒక్కరూ చెప్పలే."

కేసు తెరిచి మొదటినుంచి చదివాను. చదివిన కొద్దీ ఆమె ముఖం చూడడం కష్టమైంది. ఫిజియోథెరపీ కేంద్రానికి ఫోను చేశాను. నెట్‌వర్క్ వచ్చాక మేము ఒకరికొకరం ఫోన్లు చేసుకోవడం మానేశాం, అవసరమేముందని. అక్కడి థెరపిస్టు మేడం నేను చెప్పినదంతా విని అడిగింది.

"సర్టిఫికెట్ నేనెప్పుడు అడిగినాను సార్? అది యాప్ చేసినోళ్లు పెట్టిన గడి. మీరు మనిషిని పిల్చుకొని రాండి."

మూడు నిమిషాలు పట్టింది. అంతకుముందు నాలుగు నెలలు పట్టింది.

మరుసటి రోజే హుసేనప్పను ఆటోలో నేనే తీసుకెళ్లాను. థెరపిస్టు మేడం చాలాసేపు అతని వేళ్లు వంచి చూసింది. ఆగస్టులోనే వచ్చి ఉంటే బాగుండేదని నాతో మెల్లగా అని, పని మొదలుపెట్టింది. వేసవి నాటికి అతను చేతికర్రతో నడిచాడు. వేళ్లు మాత్రం పట్టు చిక్కేంతగా రాలేదు. ఎట్లా ఉందని అడిగితే అతనే చెప్పాడు.

"కాలు వచ్చినాది సార్. మిషన్ తొక్కేది కాలే గదా అనుకుంటి. కానీ గుడ్డ పట్టేది చెయ్యి."

ఈలోగా నేను పూర్తయిన కేసును మళ్లీ తెరిచినందుకు దానికి ఎరుపు పడింది. మా మండలం స్థానం దిగిపోయింది. ప్రశంసాపత్రం ఇచ్చిన ఆఫీసునుంచే సంజాయిషీ మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాశాను. మొదట పచ్చరంగు చూసి ఫైలు మూసింది నేనేనని కూడా రాశాను. రోగిని అడగకుండా కేసు మూయకూడదని సూచించాను. సూచన బాగుందని యాప్‌లో రోగి అభిప్రాయం అనే గడి చేర్చారు. మరుసటి నెల జిల్లా అంతటా ఆ గడిలో ఒకటే మాట కనిపించింది: సంతృప్తికరం. మా మండలంలో కొన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయి, అడగడానికి మాకు ఇంకా తీరిక చిక్కనందువల్ల. దానికీ ఒక మెమో వచ్చింది.

నేను నేర్చుకున్నది చిన్న విషయం. రోగిని పంపినవాడు, అవతల అతన్ని చూసిన మనిషితో ఒకసారి మాట్లాడాలి. రోగిని కూడా అడగాలి. ఈ రెండూ చేసేదాకా అతను ఇంకా తన రోగే. మిగిలిన ఉద్యోగకాలం అలాగే చేశాను. మా మండలం రంగు మళ్లీ మెరుగుపడలేదు.