మేనమామ పోలిక

మా మేనల్లుడు పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో నేను చేసిన హడావిడికి ముగ్గురు నర్సులు, ఒక వాచ్‌మన్, రెండు కుక్కలు సాక్షులు. పొత్తిళ్లలో ఉన్నది పసివాడా, లేక నన్నే నానబెట్టి ఉతికితే కుంచించుకుపోయి మిగిలిన నేనా అన్నంత పోలిక. అదే ముక్కు, దాని మీద తడిబట్టలు ఆరేసుకోవచ్చు. అవే చెవులు, ఎదురుగాలిలో నడిస్తే మనిషిని వెనక్కి లాగుతాయి. "మామ పోలికొచ్చింది, అదృష్టవంతుడైతడు" అని మా అమ్మ తీర్పు చెప్పింది. ఆ తీర్పును నేను ఇరవై రెండేళ్లపాటు తార్నాక నుంచి మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లోని మా చెల్లెలి ఇంటిదాకా చాటింపు వేశాను. వాడికి లెక్కల్లో మార్కులొస్తే నా రక్తం. అబద్ధం అందంగా ఆడితే నా రక్తం. మా బావకు పాపం, ఇంటిపేరు తప్ప ఏమీ మిగల్చలేదు.

నిరుడు ఒక కంటి డాక్టరమ్మ ఈ గొప్పలన్నిటినీ తెల్లకాగితం మీద బొమ్మగా గీసి చూపించింది.

ఆవిడ దగ్గరికి ఎందుకు వెళ్లానంటే, కొన్నేళ్లుగా క్యాంపస్‌లోని కరెంటు స్తంభాలు నా మీద కక్షగట్టాయి. నేను యూనివర్సిటీలో పరీక్షల విభాగం ఉద్యోగిని. సాయంత్రం ఆఫీసు వదిలి బయటపడగానే ఎక్కడెక్కడి స్తంభాలూ కూడబలుక్కుని దారికడ్డంగా వచ్చి నిలబడేవి. ఒకదానికి నమస్కారం కూడా పెట్టాను, మా రిజిస్ట్రారు అనుకుని. మాణికేశ్వర్ నగర్ వైపు గోడ పక్కన కాలువలో రెండుసార్లు కూర్చున్నాను. మూడోసారి పడ్డాక మా ఆవిడ నా జోకులు వినడం మానేసి, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

నా రక్తపరీక్ష ఫలితం వచ్చాక డాక్టరమ్మ మా వంశవృక్షంలో మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు గీసింది. నా చదరాన్ని పెన్నుతో నల్లగా నింపింది. "మీ మేనమామకు చూపు ఎప్పుడు తగ్గింది?" అని అడిగింది.

ఆయన సంగతి నేనేమీ చెప్పకముందే అడిగింది. మా అమ్మ తమ్ముడు నలభై దాటాక పొద్దువాలితే గడప దాటేవాడు కాదు. ఊళ్లో చేతబడి అన్నారు. నేను బద్ధకమన్నాను, ఆయన మంచం కోడు పట్టుకుని తడుముకోవడాన్ని అభినయించి పెళ్లిళ్లలో జనాన్ని నవ్వించాను. నా చిన్నప్పుడు అందరూ నాకు ఆయన పోలికే వచ్చిందనేవారు.

ఆయన చదరమూ నల్లబడింది.

మనిషిని రాసిన పుస్తకంలో మూడు వందల కోట్ల అక్షరాలుంటాయట. అందులో ఎక్కడో ఒక్క చోట తప్పు దొర్లింది. దానివల్ల కంటి లోపలి పొర అంచుల నుంచి మధ్యకు ఆరిపోతూ వస్తుంది. ముందు చీకటి చూపు పోతుంది, తర్వాత పక్కచూపు, చివరికి మిగతాదీ. ఇరవై ఏళ్లుగా మార్కుల మెమోల్లో తప్పులు దిద్దుతున్న నాకు, ఈ తప్పు దిద్దించడానికి దరఖాస్తు ఫారం ఏదీ లేదని అర్థమైంది.

"మా అబ్బాయికి?" అంది మా ఆవిడ. మాకు ఒక్కడే.

"ఈ తప్పు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై. మీవాడికి భయం లేదు."

మా ఆవిడ వదిలిన ఊపిరికి బల్లమీద కాగితం కదిలింది. అందులో నా ఊపిరి కూడా ఉంది. అప్పుడు డాక్టరమ్మ, "మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా?" అంది.

ఒక చెల్లెలు, ఆమెకొక కొడుకు అన్నాను. ఇంకో సున్నా గీసింది. దాని కింద ఒక చదరం. అది ఖాళీగా ఉంది. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు కాబట్టి ఒకటి పాడైనా రెండోది కాపు కాస్తుందట. మగవాడికి ఉన్నది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. మా చెల్లెలికి ఈ తప్పు వచ్చి ఉండే అవకాశం సగం. వచ్చి ఉంటే, వాడికి మళ్లీ అందులో సగం.

"వాడు అచ్చం నాలాగే ఉంటాడండీ" అన్నాను.

"ముక్కుకూ దీనికీ సంబంధం లేదు" అంది ఆవిడ. ఖాళీ చదరంలో ప్రశ్నార్థకం పెట్టింది.

ఆ కాగితం మూడు నెలలు నా సొరుగులో ఉంది. చెల్లెలికి చెప్పలేదు. ఎందుకంటే ఆ నెలలోనే మేనల్లుడు రైలింజను నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాడు. క్వార్టర్స్ మొత్తానికి జిలేబీ పంచారు. ఇక పదిరోజుల్లో మెడికల్ పరీక్ష అని ఉత్తరం వచ్చాక మాత్రం ఆ సొరుగు తెరవక తప్పలేదు. వాడు క్యాంపస్ హాస్టల్లోనే ఉంటాడు. ఆఫీసు కాగానే వెళ్లి, వాడు స్కూటర్ తియ్యబోతే వద్దని, నడుద్దాం రమ్మన్నాను.

ఆరున్నర. అడిక్‌మెట్ వైపు వెళ్లే రోడ్డు. దీపాలు ఇంకా వెలగలేదు, వెలుతురు ఇంకా పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను ఆగిపోయాను. ఎదురుగా నల్లగా ఏదో ఉంది. నీడో, గొయ్యో.

"ఏంది మామా, ఆగినవ్?"

"నువ్వెందుకు ఆగినవ్ రా?"

"నువ్వు ఆగినవని."

వెనక నుంచి ఇద్దరు ఆడపిల్లలు కబుర్లాడుకుంటూ వచ్చారు. కబుర్లు ఆపకుండానే ఒక్క అంగలో దాటిపోయారు. కేబుళ్ల కోసం తవ్విన చిన్న కాలువ అది. వాళ్ల చేతుల్లో దీపం లేదు. మా వాడు ఫోను తీసి టార్చి వేశాడు.

"ఎప్పటిసంది?" అన్నాను.

"ఏంది?"

"ఆ లైటు."

"ఇంటర్ నుంచే. సినిమా హాల్ల లేటుగా పోతె సీటు దొరకది. అందరికీ గంతే గద మామా. నీకు లేదా?"

కాలువ పక్కన మట్టిదిబ్బ మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. జీవితంలో మొదటిసారి ఏమీ పెంచకుండా చెప్పాను. వాడు టార్చి ఆర్పలేదు.

"పక్కా కాదు గద?" అన్నాడు చివరికి. "నాల్గోవంతే అన్నది గద డాక్టర్."

"ఆ లెక్క నువ్వు లైటు వెయ్యకముందుది."

వాడు టార్చిని కాలువలోకి తిప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "మెడికల్ పొద్దుగాల పెడతరు మామా" అన్నాడు. "గోడ మీద అక్షరాలు, బుక్కుల రంగు చుక్కలు. గవి నాకు మంచిగ కనవడ్తయ్. సీనియర్లు చెప్పిన్రు."

"రాత్రిపూట రైలు ఎవడు నడుపుతడు?"

"ఇంజనుకు లైటుంటది గద."

ఎంత తేలిగ్గా అన్నాడు. ఆ తేలికతనం నాదే, మా మేనమామను పెళ్లిళ్లలో నవ్వులపాలు చేసిన నాదే.

"నీ వెనక డబ్బాలల్ల ఎంతమంది పండుకొని ఉంటరో ఎరుకేనా?"

"అమ్మకు చెప్పకు మామా. గీ పది రోజులు ఆగు."

నేను ఫోను తీశాను. వాడు ఆపలేదు, తల తిప్పుకున్నాడు.

"వాడు నాతోనే ఉన్నడు" అన్నాను.

"ఏందన్నా, ఇద్దరు బువ్వకొస్తున్నరా?" అంది చెల్లెలు.

"రేపు పదింటికి కంటి దవాఖానకు పోవాలె. నేను, వాడు, నువ్వు. రక్తం తీస్తరు."

"నాకేమైంది?"

"నీకేం కాలేదు. నీకేం కాదు."

అవతల కుక్కరు కూత వేసింది. రెండో కూత, మూడో కూత. ఎప్పుడూ రెండింటికే దించే మనిషి. దించలేదు.

"తిని రావాలెనా, పరిగడుపునా?" అంది.

"తిని రావొచ్చు."

"వానికి చెప్పు. గిప్పుడు చీకట్ల స్కూటర్ తియ్యద్దను. ఆటోల రమ్మను."