డ్రైవర్ సీటు కింద డబ్బా

మా ఇంటికి కారు వచ్చాకే మా అన్నయ్యకు చెవులు వచ్చాయి. అంతకు ముందు అమ్మ గొంతు చించుకుని పిలిచినా పలకనివాడు, కొత్త కారులో క్యాసెట్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని విని, "ఇందులో బాస్ లేదు" అని కనిపెట్టాడు. బాస్ అంటే ఏమిటని అమ్మ అడిగింది. డప్పు దెబ్బలాంటి శబ్దమని, అది చెవికి కాదు గుండెలకు తగలాలని వాడు చెప్పాడు.

"గుండెలకి తగిలీ మాటలు మీ నాన్న పెళ్ళైన కాణ్ణుంచీ అంటన్నారు. దానికి మళ్ళీ డబ్బా ఎందుకురా?" అంది అమ్మ.

అవి తొంభైల చివరి రోజులు. భిలాయిలో, సెక్టర్ 7లో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్. అన్నయ్య డిప్లొమా ముగించి అదే ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరాడు. చేరిన నెలకే, ఇంట్లో కుర్చీ కాలు విరిగితే 'బ్రేక్‌డౌన్' అనడం మొదలుపెట్టాడు. మా కారు తెల్లది, చిన్నది. ఆ రోజుల్లో మా వీధిలో కారున్న ప్రతి ఇంటి ముందూ అదే కారు, అదే తెలుపు. పక్క క్వార్టర్ వాళ్ళదీ అంతే. కాకపోతే ఆ ఇంటాయన గనుల వైపు బదిలీ అయి, కారు మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయాడు. ఆయన భార్య రాయ్‌పూర్ మనిషి. ఆవిడ అమ్మను 'దీదీ' అనేది, అమ్మా ఆవిడను 'దీదీ' అనేది. ఎవరు పెద్దో తేల్చుకునే తొందర ఇద్దరికీ లేదు.

అమ్మ అప్పుడు కారు నడపడం నేర్చుకుంటోంది. మా ఇంటి మగవాళ్ళు దాన్ని ఊలు అల్లికల్లాంటి కాలక్షేపం అనుకున్నారు. అమ్మకది కాలక్షేపం కాదు. మంచం పట్టిన అమ్మమ్మ ఖుర్సీపార్‌లో మావయ్య దగ్గర ఉండేది. అదేమంత దూరం కాదు. కాని అమ్మ అక్కడికి వెళ్ళాలంటే నాన్నకు షిఫ్టు కుదరాలి, లేదా అన్నయ్యకు మనసు కుదరాలి. రెండూ కుదిరిన రోజున బండిలో పెట్రోలు ఉండదు. వెళ్ళినా, నాన్న గుమ్మంలోంచే గడియారం చూసుకుంటుంటే, అమ్మ తన తల్లికి తల దువ్వి పరుగున వచ్చేసేది. ఒకసారి అలా సగం జడతోనే వదిలి వచ్చిందట. ఆ తర్వాతే ఒక డ్రైవింగ్ మాస్టర్జీని మాట్లాడుకుంది. ఆయన స్కూటర్ మీద వచ్చి, మా కారులోనే పక్కన కూర్చుని నేర్పేవాడు. పొద్దున్నే వీధి ఖాళీగా ఉన్నప్పుడు అమ్మ సీటును చివరంటా ముందుకు జరుపుకుని, వీపుకు దిండు పెట్టుకుని కూర్చునేది. మా అమ్మ పొట్టి, అన్నయ్య తాడిచెట్టు. తర్వాత బండి తీసేటప్పుడు వాడు సీటును వెనక్కి నెట్టుకుంటూ రోజూ సణిగేవాడు.

ఇక డబ్బా సంగతి. సబ్‌వూఫర్ అనే ఆ బాస్ స్పీకరుకు ఒక పెట్టె కావాలి, పెట్టెకు చోటు కావాలి. మా కారులో చోటు అనేది ఆస్తి తగాదాతో సమానం. డిక్కీ నాన్నది. గ్యాస్ సిలిండరూ బియ్యం బస్తా అందులోనే వస్తాయి కాబట్టి అక్కడ అంగుళం కూడా వదలనన్నాడు. వెనక అరమీద మామూలు స్పీకర్లున్నాయి. పక్క సీటు కింద జాకీ, పానాలు, నాన్న ఎందుకు దాచాడో ఆయనకే తెలియని పాత ఫ్యాన్ బెల్టు. మిగిలింది డ్రైవర్ సీటు కింద. అది ఎవరిదీ కాదని ముగ్గురు మగవాళ్ళూ ఏకగ్రీవంగా తీర్మానించారు. మూడో మనిషి మావయ్య, అమ్మ తమ్ముడు. ప్లాంటు ఫ్యాబ్రికేషన్ షాపులో ఇంజినీరు. ఇలాంటి పని ఏ ఇంట్లో మొదలైనా వాసన పట్టి వచ్చేవాడు.

స్పీకరు పెట్టె చెక్కతో చేస్తారని అన్నయ్య ఏదో పత్రికలో చదివాడు. ఆ మాట మావయ్య ముందు అన్నాడు.

"చెక్కేటిరా, చెక్క? మనం అడివిలో ఉన్నామేటి? ఉక్కు ఊళ్ళో ఉండి చెక్క డబ్బా పెట్టుకుంటే నలుగురూ నవ్వరేటి?"

భిలాయి మగవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. మా ఇంట్లో చెప్పుల అర ఇనుము, పూలకుండీల స్టాండు ఇనుము, దేవుడి పీటకు కాళ్ళు యాంగిల్ ఐరన్. మా వీధిలో ఒకాయన కుక్కకు ఉక్కు రేకుతో ఇల్లు కట్టించాడు. ఎండాకాలం ఆ కుక్క దాని వైపు చూసేది కూడా కాదు. అలాంటి ఊళ్ళో పాట ఒక్కటీ చెక్కలో ఎందుకుండాలి?

మా ముందుగది డ్రాయింగ్ ఆఫీసయింది. టేపు, స్కేలు, మావయ్య వెర్నియర్ అన్నీ దిగాయి. సీటు కింద ఎత్తు, పొడవు, వెడల్పు కొలిచారు. ఒకరు కొలిచింది ఇంకొకరు నమ్మక మళ్ళీ కొలిచారు. డ్రాయింగు చింపి, ఇంకోటి గీసి, దానికి 'రివిజన్' అని పేరు పెట్టారు. 'క్లియరెన్స్' అన్న మాట అన్నం తినేటప్పుడు కూడా ఆగలేదు. అమ్మ పప్పుగిన్నె పట్టుకుని నిలబడి, "కొంచెం క్లియరెన్స్ ఇస్తే ఇది కిందెడతాను" అంది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ వినలేదు.

తర్వాత కారును ఖుర్సీపార్‌లో మావయ్యకు తెలిసిన షెడ్డుకు తీసుకెళ్ళారు. అమ్మ పాఠాలు ఆగిపోయాయి. సోమవారం దుర్గ్‌లో లైసెన్సు పరీక్ష ఉందని అమ్మ మావయ్యకు గుర్తుచేసింది. "ఆదివారానికి వచ్చీస్తాదక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

వచ్చింది. సీటు కింద నల్లరంగు వేసిన ఉక్కు డబ్బా. దాన్ని నేలకు బోల్టులతో బిగించడమే కాక, ప్రతి నట్టు మీదా ఒక వెల్డింగ్ చుక్క పెట్టారు. ప్లాంటులో వణికే యంత్రాలకు అలాగే చేస్తారట, వదులు కాకుండా. ఇక్కడ వణికేది పాటేనని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం వీధంతా వినేలా పాట పెట్టారు. ఉక్కు డబ్బా బాస్‌తో ఊరుకోలేదు, తన సొంత గొంతు కూడా కలిపింది. గుండెలకు ఏమో గాని పళ్ళకు తగిలింది. తలుపులూ అద్దాలూ నంబరు ప్లేటూ అన్నీ తాళం వేశాయి. నాన్న డిక్కీ తెరిచి చూసుకుని, "అంగుళం కూడా పోలేదు" అన్నాడు. మావయ్య పక్క సీటు కింద వంగి చూసి, "ఇక్కడా పోలేదు బావా" అన్నాడు. "జగా ఏక్‌దమ్ పూరా!" అని, ఉన్న చోటంతా ఉన్నట్టే ఉందని అన్నయ్య గంతేశాడు. ముగ్గురూ ఒకరినొకరు మెచ్చుకుని టీ అడిగారు.

సోమవారం పొద్దున్న మాస్టర్జీ వచ్చాడు. అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, దిండుతో సహా కారెక్కింది. మీట పట్టుకుని సీటును ముందుకు లాగింది. అది కొంచెం కదిలి ఠంగుమని ఆగింది. మళ్ళీ లాగింది, మళ్ళీ ఠంగుమంది. సీటు అడుగున అడ్డంగా ఉండే కమ్మీ డబ్బాకు తగులుతోంది. అమ్మ కాలు చాపితే క్లచ్ మీద బొటనవేలు మాత్రం ఆనింది.

అన్ని కొలతలు తీసినవాళ్ళు సీటు జరుగుతుందన్న సంగతి కొలవలేదు. కారును తెచ్చి నిలబెట్టింది అన్నయ్య, అందుకని సీటు అన్నయ్య కాళ్ళకు సరిపడే చోట ఉంది. దాన్ని బట్టే డ్రాయింగు, దాన్ని బట్టే రివిజనూ. ఆ సీట్లో ఇంకో మనిషి కూడా కూర్చుంటుందని వెర్నియర్‌కు ఎలా తెలుస్తుంది?

డ్యూటీకి పోతూ తన పనితనం ఇంకోసారి చూసుకుందామని ఆగిన మావయ్యతో సహా ముగ్గురూ కారు చుట్టూ చేరారు. వెంటనే మీటింగు మొదలైంది. పెడళ్ళ మీద ఉక్కు దిమ్మలు వెల్డ్ చేయిద్దామన్నాడు మావయ్య. వీపుకు ఇంకో దిండు పెట్టుకోమన్నాడు నాన్న. ఎత్తు మడమల చెప్పులు వేసుకుంటే సరిపోతుందన్నాడు అన్నయ్య.

"నా కాళ్ళు పొడుగు చెయ్యడానికి ముగ్గురు బయల్దేరారు. ఆ డబ్బా తీసీద్దామని ఒక్కడికీ తోచలేదేటి?" అంది అమ్మ.

"ఎంత మెహనత్ చేశామమ్మా దానికి, ఎంత కష్టపడ్డాం!" అన్నాడు అన్నయ్య.

"నాది వానాకాలం కాణ్ణుంచీ మెహనత్‌రా."

తీయాలంటే సీటు విప్పాలి, గ్యాస్ కట్టర్ కావాలి, ఇవాళ అయ్యే పని కాదని మావయ్య తేల్చాడు. అప్పుడు నాన్న ఎంతో ఓర్పుగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఈ నెల కాపోతే వచ్చీ నెల. అయినా నువ్వు తోలుకుని ఎక్కడికెళ్ళాలే? ఎక్కడికన్నా మేం తీసుకెళ్తన్నాం కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎప్పుడు తీసుకెళ్ళారు నాన్నా?" అన్నాను. కాలేజీకి టైమవలేదా అని నాన్న నన్ను అడిగాడు.

ఎక్కడికెళ్ళాలన్న నాన్న మాట అమ్మకు ఎక్కడ తగిలిందో ముఖంలో కనిపించింది. కారు దిగి, తాళాలు బానెట్ మీద పెట్టి, దిండు చంకన పెట్టుకుని పక్క క్వార్టర్ గుమ్మం ముందుకు వెళ్ళి నిలబడింది. మా గుమ్మం ముందు జరిగిందంతా దీదీ కిటికీలోంచి చూస్తూనే ఉందనుకుంటాను. "లే జాఓ దీదీ, ఖడీ ఖడీ జంగ్ ఖా రహీ హై" అంటూ తాళాలు తెచ్చింది. నిలబడి నిలబడి తుప్పు పడుతోందట, తీసుకెళ్ళమంది. మాస్టర్జీ కారు మీది గుడ్డ లాగేశాడు. అమ్మ కూర్చుని సీటును ముందుకు లాగింది. అది బుద్ధిగా ముందుకు వచ్చింది.

నెలల తరబడి నిలబడ్డ బండి కాబట్టి స్టార్ట్ కాలేదు, తోయాలి. మాస్టర్జీ మా మగవాళ్ళ వైపు చూశాడు. వీధి మొత్తం గేట్ల దగ్గర నిలబడి చూస్తోంది, ఇక తప్పించుకునే దారి లేదు. ఫోర్‌మన్, ఇంజినీరు, అప్రెంటిస్ ముగ్గురూ ఒంగి తోశారు. ఈ డబ్బా వ్యవహారం మొత్తంలో వాళ్ళు చేసిన పనికొచ్చే పని అదే.

నేను కాలేజీ ఎగ్గొట్టి దీదీతో వెనక సీట్లో కూర్చున్నాను. దుర్గ్‌లో ఇన్‌స్పెక్టరు అమ్మను ముందుకు నడపమన్నాడు, వెనక్కి తీయమన్నాడు. "ఘర్ మే ఔర్ కోయీ నహీ చలాతా క్యా?" అని వెటకారంగా అడిగాడు, ఇంట్లో ఇంకెవరూ నడపరా అని. "చలాతే హై, లేకిన్ లే నహీ జాతే" అంది అమ్మ, నడుపుతారు గాని తీసుకెళ్ళరని. ఆయన సంతకం పెట్టేశాడు.

ఆ తర్వాత దీదీ తాళాలు మా ఇంట్లోనే ఉండేవి. పెట్రోలు అమ్మది, బండి దీదీది. మధ్యాహ్నం వంట అవగానే ఇద్దరూ ఖుర్సీపార్ వెళ్ళేవారు. అమ్మ తన తల్లికి నిదానంగా తల దువ్వి, జడ చివరిదాకా అల్లి, చెప్పాల్సిన కబుర్లన్నీ చెప్పి వచ్చేది. మా కారు మాత్రం ఇంటి ముందే ఉండేది. అన్నయ్య సాయంత్రాలు అందులో కూర్చుని, ఎక్కడికీ పోకుండా, పాటలు వింటూ వణికేవాడు.

నాన్న కొన్నాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆఖరికి ఒక మధ్యాహ్నం, అమ్మ పక్కింటి కారు ఎక్కుతుంటే ఆగలేకపోయాడు.

"మన బండి ఇంటి ముందుండగా పక్కోళ్ళ బండేటే? నలుగురూ ఏటనుకుంటారు?"

అమ్మ సీటు సర్దుకుని, అద్దం సర్దుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఇందులో నాకు కాళ్ళు అందుతాయండి. కొంచెం వెనకాల నిలబడి చూడండి, రివర్స్ తీస్తాను."

నాన్న వెళ్ళి వెనకాల నిలబడ్డాడు.