సిస్టర్ గారి ఎడమ అద్దం

మా అపార్టుమెంటు సెల్లారులో ఎవరో కొత్త కారు కొన్నారు. సాయంత్రం ఆయన దిగి తాళం వేయగానే దాని రెండు పక్కల అద్దాలూ గుయ్‌మని సన్నగా మూలుగుతూ లోపలికి ముడుచుకుంటాయి. రెండు క్షణాలు కూడా ఉండదు ఆ చప్పుడు. కానీ నేను మెట్ల దగ్గర ఆగిపోతాను. చక్రం పళ్ళు ఎక్కడైనా జారుతున్నాయా, మోటారు ఎక్కడైనా ఆయాసపడుతోందా అని చెవి దానంతట అదే వెతుకుతుంది. తేడా ఏమీ ఉండదు, కొత్త కారు కదా. అప్పుడు పైకి వెళ్ళి తలుపు తీసి, ఖాళీ ఇంట్లో లైటు వేసుకుంటాను. ఇక ఆ పూటంతా సిస్టర్ గారే గుర్తొస్తారు.

ఆవిడ పేరు రత్నకుమారి. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. రాజమండ్రిలో మా పాత సందు చివర పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. సందులో పెద్దా చిన్నా అందరికీ సిస్టర్ గారే. ఇప్పటికీ అక్కడ ఎవరైనా తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కుంటుంటే, "సిస్టర్ గారి అద్దంలా ఉందిరా నీ యవ్వారం" అని నవ్వుతారు. ఆవిడ మొహం కూడా చూడనివాళ్ళు ఆ మాట అంటారు. ఆ మాట వెనకున్న కథ అబద్ధం. నిజం తెలిసినవాణ్ణి నేనే కాబట్టి నేనే రాయాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నాకు ముప్పై దగ్గరపడుతున్నాయి. అమ్మా నాన్నా లేరు. అక్క ఎక్కడో బళ్ళారి వైపు కాపురం. నేను పంపుసెట్ల షాపులో మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. సిస్టర్ గారి ఇంటి ఎదురు మేడ మీద ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆరు రోజులు షాపు గోలలో తెలియకుండా పోయేవి. ఆదివారం మాత్రం పొద్దున్నుంచీ నా గొంతు నాకే వినపడేది కాదు. హోటల్లో "ఇడ్లీ" అనడం, కాసేపాగి "సాంబారు వద్దండి" అనడం, ఆ రోజుకి అవే నా మాటలు. తర్వాత పిట్టగోడ మీద కూర్చుని, ఎవరి ఇంటికి ఎవరు వస్తున్నారో చూస్తూ ఉండేవాణ్ణి.

ఆవిడ అన్నగారు ఓడల మీద ఉద్యోగం చేసి, జపాను నుంచి ఒక కారు తెప్పించుకున్నారు. ఆయన పోయాక అది చెల్లెలికి వచ్చింది. అప్పటికే పాతది. మా సందు మొదట్లో కరెంటు స్తంభానికీ ఎదుటి గోడకీ మధ్య అది పట్టాలంటే అద్దాలు ముడవక తప్పదు. లోపల ఒక బటన్ నొక్కితే రెండూ ముడుచుకునేవి, దాటాక మళ్ళీ నొక్కితే తెరుచుకునేవి. ఆ రోజుల్లో అదొక వింత. ప్రతి బుధవారం ఆవిడ ఆ కారు వేసుకుని మొగల్తూరు అవతల, సముద్రం వైపున్న ఒక పల్లెకు వెళ్ళేవారు. ఆసుపత్రిలో తనతో ముప్పై ఏళ్ళు ఆయాగా పనిచేసిన నూకరత్నం ఊరది. చేపలు పట్టుకునే కుటుంబం. ఆమెకు షుగరు, పాదానికి మానని పుండు. కట్టు రోజూ కోడలు మార్చేది గానీ, పుండు ఎటు తిరుగుతోందో చూసి మందు మార్చడం సిస్టర్ గారి పని.

ఆ ఉప్పు గాలికి ఎడమ అద్దం పట్టేసింది. మెకానిక్కు దగ్గరికి వెళ్తే అతను నవ్వాడట. "ఎడమ అద్దం ఎవరు చూస్తారండీ సిస్టర్ గారూ? హారన్ ఉందిగా!"

"నేను హారన్ కొడితే సైకిలువాడు నాకు కనపడతాడేంటయ్యా?" అని ఆవిడ వచ్చేశారు. నిజానికి అప్పట్లో మా రోడ్ల మీద సగం కార్లు ఎడమ అద్దం మూసుకునే తిరిగేవి. ఆవిడ మాత్రం దాన్ని చూడకుండా గేరు మార్చేవారు కాదు.

ఆ ఆదివారం గేటు దగ్గర నుంచి పైకి చూసి పిలిచారు. "బాబూ, నువ్వు మోటార్లు బాగుచేస్తావటగా. ఇదీ మోటారే. కాస్త చిన్నది. చూసిపెడతావా?"

ఎనామిల్ ట్రే మీద తెల్లగుడ్డ పరిచి, నేను విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే అందులో పేర్చారు. అద్దం డిప్పలోని మోటారు నా బొటనవేలంత లేదు. దాని చక్రం పళ్ళ మధ్య గ్రీజు గట్టిపడి, పైన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో, కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పెట్టాను. తలుపు మూలనున్న ప్లాస్టిక్ మూత వెనక వైర్ల ప్లగ్గు ఉంటుంది. దాన్ని టిక్కుమనేదాకా నొక్కితేనే పూర్తిగా కూర్చుంటుంది. మూత బిగించబోతుంటే ఆవిడ ఆపారు.

"ఆగు. లెక్క చెప్పు. స్క్రూలు?"

"పెట్టానండి."

"క్లిప్పులు?"

"ఉన్నాయండి."

"ప్లగ్గు?"

"టిక్కుమందండి."

ఆవిడ చేతులు కట్టుకుని నా మొహమే చూస్తున్నారు, తలుపు వైపు చూడటం లేదు. "మీరు ఓసారి చూసుకోరాండీ?" అన్నాను.

"థియేటర్లో కత్తెరలూ గుడ్డలూ లెక్కపెట్టేటప్పుడు ఒకళ్ళు అడుగుతారు, ఒకళ్ళు చూసి చెబుతారు. చెప్పాక మళ్ళీ చూడ్డమంటే ఆ మనిషిని నమ్మనట్టే. నేను 'అన్నీ ఉన్నాయి సార్' అంటే డాక్టరుగారు ఇంకో మాట లేకుండా పొట్ట కుట్టేసేవారు."

నా మాటకు అంత విలువ ఇచ్చిన మనిషి నాకు అంతకుముందు తగల్లేదు. తర్వాత వేడిగా పెసరట్లు పెట్టారు. నా వాళ్ళ గురించి అడిగారు. చెబుతుంటే మధ్యాహ్నమైంది. వెళ్ళేటప్పుడు, "ఇంక నిన్ను ఇబ్బంది పెట్టన్లే బాబూ" అన్నారు. ఆ మాటకు నేనెంత దిగులు పడ్డానో ఆవిడకు తెలియదు. పై ఆదివారం పిట్టగోడ మీద కూర్చుని ఆవిడ గేటే చూస్తూ ఉన్నాను. ఊరికే వెళ్ళి తలుపు కొట్టవచ్చు. కానీ పని లేకుండా ఒకరింటికి వెళ్ళడం నాకు చేతకాదు.

వానలు వెలిశాక ఉప్పు మళ్ళీ పట్టి అద్దం ఆగింది. మళ్ళీ కడిగాను. ఈసారి ప్లగ్గును టిక్కుమనేదాకా నొక్కలేదు. ఆవిడ అడిగారు. "టిక్కుమందండి" అన్నాను. గతుకుల రోడ్డు మీద తిరిగితే అది మెల్లగా జారుతుందని నాకు తెలుసు. అనుకున్నట్టే పై ఆదివారం గేటు దగ్గర గొంతు వినపడింది. "సూరిబాబూ, నీ పేషెంటు మళ్ళీ మంచం పట్టిందయ్యా!" నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను.

అలా ఆ చలికాలమంతా గడిచింది. అద్దం పని పావుగంటలో అయిపోయేది, ఆ తర్వాత ఆవిడ నాకు డ్రైవింగ్ నేర్పేవారు. కోరుకొండ రోడ్డు మీద ఓసారి, "ఎడమ పక్కన ఎవరున్నారు?" అని అడిగారు. "ఎవరూ లేరండి" అన్నాను. "బాతులున్నాయి. అవి నీకు ఎవరూ కాదా?" అన్నారు. చూస్తే నిజంగానే చేను గట్టు మీద బారుగా బాతులు. ఇద్దరం నవ్వాం. నేను మనుషుల్ని గమనించడం, అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పడం, ఒకరి ఎదురుగా కూర్చుని నింపాదిగా తినడం, అన్నీ ఆ ఆదివారాల్లో నేర్చుకున్నవే. సందులో మాత్రం, "ఏంటండీ సిస్టర్ గారూ, ఆ అద్దంతో ఏం చేస్తున్నారు? ముట్టుకుంటే చాలు పాడవుతోంది!" అని వేళాకోళం మొదలైంది. ఆవిడా నవ్వేవారు.

ఒక బుధవారం స్తంభం దాటాక ఎడమ అద్దం తెరుచుకోలేదు. ఆవిడ దిగి చేత్తో లాగి బయల్దేరారు. దారిలో గాలికి అది మెల్లగా వాలిపోయింది. కాలవ గట్టు మీద ఎదురుగా లారీ వస్తే ఆవిడ ఎడమకు జరిగారు. అక్కడ కొబ్బరికాయల సైకిలుతో ఒకాయన ఉన్నాడు. కారు తగిలి గట్టు కిందికి దొర్లాడు. మోచెయ్యి విరిగింది. ఆవిడే దిగి, వార్తాపత్రికలు మడిచి చేతికి ఆసరాగా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. "అద్దం మూసుకునుందండి. నన్ను చూళ్ళేదావిడ" అని ఆయన అందరికీ చెప్పాడు.

అన్నగారి కొడుకు శ్రీనివాసు కాకినాడ నుంచి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, భయపడ్డాడు. సందులో సగం మంది కారు చుట్టూ చేరారు.

"అత్తా, అద్దం తెరవకుండా బయల్దేరావంట."

"బటన్ పనిచెయ్యలేదురా. దిగి చేత్తో లాగాను."

సందులోకి వచ్చేటప్పుడు ముడిచిన అద్దాలు అలాగే ఉన్నాయి. అతను లోపలికి వంగి బటన్ నొక్కాడు. గుయ్‌మని రెండు అద్దాలూ తెరుచుకున్నాయి. దారి కుదుపులకు ప్లగ్గు మళ్ళీ ఎక్కడో తగులుకున్నట్టుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రీనివాసు నా వైపు తిరిగాడు.

"ఏవండీ, మొన్న ఆదివారం మీరే చూశారటగా. ప్లగ్గూ వైర్లూ సరిగ్గానే ఉన్నాయా?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అన్నారు. "అతను చూసి చెప్పాడురా. ఇంక అడగక్కర్లేదు."

"ఉన్నాయండి" అన్నాను.

ఆవిడ కాసేపు అద్దం వైపు చూశారు. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "అయితే దిగి లాగానని... నేనే అనుకున్నానేమో" అన్నారు. నా మాటను అనుమానించడం ఆవిడకు రాదు. అందుకని తన జ్ఞాపకాన్నే అనుమానించారు. తాళంచెవి అడగకుండానే మేనల్లుడి చేతిలో పెట్టారు.

కారు అమ్మేశారు. ఆవిడ కొన్నాళ్ళు బస్సులు మారుతూ పల్లెకు వెళ్ళారు. మోకాళ్ళు సహకరించక వారం వారం వెళ్ళేది నెలకోసారైంది, వానల్లో అదీ లేదు. ఆ వానల్లోనే నూకరత్నం పాదం తీసేశారని కబురొచ్చింది. ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. అప్పటికే గ్యాసు కట్టేశానా లేదా అని గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళడం అలవాటైంది. "ఇందాక నీకు టీ ఇచ్చానా సూరిబాబూ?" అనేవారు. "ఇచ్చారండి" అంటే, "నువ్వు చెప్పావు కాబట్టి సరే" అనేవారు. ఇప్పుడు ఆదివారం వెళ్ళడానికి నాకు ఏ వంకా అక్కర్లేదు, ఆవిడకే తోడు కావాలి. నేను కోరుకున్నది నాకు దొరికింది. ఈ వారం చెప్పేద్దామనుకుంటూనే ఆ గుమ్మం ఎక్కేవాణ్ణి. చెబితే ఆ ఇల్లు కూడా ఉండదని దిగి వచ్చేసేవాణ్ణి. కొన్నేళ్ళకు శ్రీనివాసు కాకినాడ తీసుకెళ్ళిపోయాడు. అక్కడే పోయారు. ఈ మధ్య ఫోను చేసి అతనికి అంతా చెప్పాను. "ఇప్పుడేంటండీ అవన్నీ" అన్నాడు.

పోయిన నెల మొగల్తూరు బస్సెక్కాను. నూకరత్నం ఇంకా ఉంది. చూపు తగ్గింది గానీ గొంతు తగ్గలేదు. మంచం పక్కన కింద కూర్చుని మొదటినుంచీ చెప్పాను. ఆమె అడ్డురాలేదు.

"నా కాలు సంగతి వదిలెయ్ బాబూ. సుగరు. నువ్వున్నా లేకపోయినా పోయేదేమో, ఎవరు చూశారు?" అంది. "కాకినాడ వెళ్ళేముందు ఓసారి వొచ్చిందయ్యా ఆయమ్మ. గుమ్మంలో నిలబడి మా కోడల్ని అడుగుతోంది, 'మీ అత్త పేరు నూకరత్నమే కదమ్మా?' అని. నాకు లోపలికి వినపడింది. ముప్పై ఏళ్ళు ఒకే డబ్బాలో అన్నం తిన్నాం. తప్పు పేరు పెట్టి పిలిచేస్తానేమోనని భయమంట. నేను పడీపడీ నవ్వాను. ఆయమ్మ కూడా నవ్వింది, పాపం."

ఆమె తడుముకుని దుప్పటి మీదికి లాక్కుంది. తర్వాత, "పేరు సరిగ్గానే చెప్పింది కదయ్యా. సరిగ్గానే గుర్తుంది ఆయమ్మకి" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎక్కడెక్కడ ఆగిందో నాకు తెలియదు. ఆ గుమ్మంలో నిలబడి, తెలిసిన పేరును పరాయి మనిషిలా అడిగి తెలుసుకుంటున్న ఆవిడే కళ్ళ ముందున్నారు. ఇప్పటికీ ఉన్నారు. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్న మంచి ఏదైనా నాలో ఉంటే, అది ఆ గుమ్మం పక్కనే ఉంటుంది, ఎప్పుడూ విడిగా రాదు.

ఆ బుధవారం రత్నకుమారి గారు కారు దిగారు. ఎడమ అద్దాన్ని చేత్తో లాగి తెరిచారు. ఆవిడ మర్చిపోలేదు.