ప్యాంటు అంచున చిల్లులు

మా ఇంట్లో వంటసోడా అన్న మాట గట్టిగా అనకూడదు. అంటే తాతయ్య తల దించుకుంటాడు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి మెడ అలా వాలిపోవడం చూడలేక, సోడా అయిపోయినప్పుడు నాయనమ్మ ఖాళీ డబ్బా నా ముందు పెట్టి కళ్ళతోనే అంగడికి పంపుతుంది.

తాతయ్య పని గోల్ఫ్ మైదానంలో. ఆడేవాళ్ళను ఆ గడ్డి మీద తిప్పే చిన్న కరెంటు బండ్లుంటాయి. వాటి బ్యాటరీలన్నీ ఆయన చేతి కిందివే. ఇరవై నాలుగు బండ్లు, బండికి ఆరు బ్యాటరీలు. మొత్తం ఎన్నో మీరే లెక్క వేసుకోండి. నేను ఎనిమిదో తరగతిలో రెండేళ్ళు కూర్చుని, మూడో ఏడూ కూర్చోమంటారని భయపడి లేచొచ్చిన మనిషిని. ఇప్పుడు కూర్చునేది కుట్టుమిషను ముందు. తాతయ్య ప్యాంట్ల చిల్లులన్నీ నా దగ్గరికే వస్తాయి.

ఆ చిల్లుల సంగతి కొంచెం చెప్పాలి. బ్యాటరీలో ఉండేది యాసిడ్ కలిసిన నీళ్ళు. చుక్క గుడ్డ మీద పడితే అప్పటికేమీ కనబడదు. ఉతికి దండెం మీద ఆరేశాక చూస్తే అక్కడ గుడ్డే ఉండదు. తాతయ్య చిల్లులు ఎప్పుడూ కుడి మోకాలి మీదే. ఒక గాజు గొట్టం, దాని తలకు రబ్బరు బుడ్డి, లోపల తేలే బెండు. దాంతో బ్యాటరీ లోపలి ఒక్కో గదిలోంచి యాసిడ్ పైకి పీల్చి, బెండు ఎంత ఎత్తున తేలిందో చూస్తాడు. బాగా తేలితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, మునిగితే నీరసించినట్టు. గొట్టం పక్క గదికి మార్చేటప్పుడు ఒక చుక్క మోకాలి మీద పడుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే మోకాలు, అదే చుక్క.

షెడ్డులో అందరూ ఆయన్ని గురువుగారంటారు. ఊరికే అనలేదు. మీటరు పెట్టి ముల్లు చూసి "బాగానే ఉంది" అనే రకం కాదు ఆయన. "కూర్చున్నప్పుడు అందరూ పహిల్వాన్లే. బరువెత్తమను, తెలుస్తుంది" అంటాడు. బండిలో ఇద్దరు లావుపాటి డ్రైవర్లను ఎక్కించి, ఎత్తు మీదికి తోలించి, అప్పుడు ఏ బ్యాటరీ ముల్లు కూలబడుతుందో చూస్తాడు. పోయినదాని బదులు కొత్తది పెట్టడు. అదే వయసుదాన్ని వెతికి పెడతాడు. పాతవాటి మధ్య కొత్తది పెడితే, వాటి చాకిరీ కూడా ఇదే చేసి ఏడాదిలో చస్తుందట.

"అది నాకు చెప్పాలా? నేనీ ఇంటికి కొత్తకోడలుగా వచ్చిననాడే తెలిసింది" అంది నాయనమ్మ.

అన్నిటికంటే పెద్ద సూత్రం ఇంకోటి ఉంది. ముందు తిండి, తర్వాత నీళ్ళు. బ్యాటరీకి తిండి అంటే చార్జింగు. రాత్రంతా చార్జింగు ఎక్కాక, తెల్లవారి మూతలు తీసి, తగ్గినంత మేర శుద్ధమైన నీళ్ళు పోయాలి. ముందే నిండా పోస్తే, చార్జింగులో పొంగి యాసిడ్ అంతా బయటికి పోతుంది. ఆ సూత్రం ఆయన ఇంట్లో మా మీద కూడా పెట్టాడు. కంచం ముందు కూర్చుని మొదట నీళ్ళ గ్లాసు ఎత్తితే చేతి మీద ఒకటి పడేది. "పొంగుతావే!" అనేవాడు. పన్నెండేళ్ళు వచ్చేదాకా నేను నిజంగానే పొంగుతాననుకున్నాను.

అలాంటి మనిషి ఆ సూత్రం తప్పాడు. ఎందుకో చెబితే మీరు నవ్వుతారు. టీవీ సీరియల్ కోసం.

నాయనమ్మ ఏళ్ళ తరబడి చూస్తున్న సీరియల్ అది. "ఆ ఏడుపుగొట్టు దానికి కరెంటు దండగ" అని రోజూ తిట్టేవాడు. తిడుతూ తిడుతూనే, ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఆ పేపరు ఒకరోజు తలకిందులుగా ఉంది. నాయనమ్మ చూసి నా తొడ గిల్లింది, ఇద్దరం నవ్వాపుకున్నాం. చివరి రెండు వారాలొచ్చేసరికి దాన్ని రాత్రి పదింటికి మార్చారు. ఎనిమిదింటికి పడుకుని నాలుగింటికి లేచే మనిషి పదకొండు దాకా మేలుకుంటే తెల్లవారుజామున లేవగలడా? లేవలేకపోయాడు. అందుకని సాయంత్రమే బండ్లన్నిటికీ నీళ్ళు పోసేసి, తర్వాత చార్జింగు పెట్టి ఇంటికొచ్చేవాడు.

పొంగాయి. రోజూ పొంగాయి. ఆరున్నరకు షెడ్డుకి వెళ్ళి, డ్రైవర్లు వచ్చేలోగా బ్యాటరీల మీదా నేల మీదా సోడా చల్లి, యాసిడ్ పదును విరిచి, తుడిచేసేవాడు. షెడ్డులో సోడా అయిపోతే అడగడానికి మొహం చెల్లక వంటింట్లో డబ్బా పట్టుకుపోయి, ఖాళీ చేసి తెచ్చిపెట్టాడు. పైకి తుడిచాడు గానీ, తీగల మొనల దగ్గర తినేసినదాన్ని ఎవరు తుడుస్తారు?

పోటీలు జరుగుతున్న రోజు, పదకొండో నంబరు బండి ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆగింది. తీగ మొన పచ్చగా పుండుపడి తెగిపోయింది. బండి వెనక్కి జారి ఇసుక గుంటలో కూర్చుంది. దెబ్బలేమీ తగల్లేదు. కానీ అందులో ఉన్న పెద్దావిడ ఇసుకలోంచి లేచి మేనేజరు గదికి ఎలా నడిచిందో ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్ని బండ్లూ తెరిచి చూశారు. ఎనిమిది బండ్లకు అదే గతి.

మేనేజరు తాతయ్య కొడుకు వయసువాడు. "ఎందుకిలా అయింది గురువుగారూ?" అని అడిగాడు. పాపం, ఆయన మీద అనుమానపడి కాదు, ఆయనకే తెలుస్తుందని.

"కడిగేటప్పుడు బ్యాటరీ మూతల మీదికి పైపుతో నీళ్ళు కొట్టి ఉంటారు" అన్నాడు తాతయ్య.

అంతే. ఎవరి పేరూ చెప్పలేదు. బండ్లు కడిగేది ఒక్కడే కాబట్టి చెప్పనక్కర లేకపోయింది.

ఆ ఒక్కణ్ణి మేం పైపు బాబాయి అంటాం. తొమ్మిదేళ్ళుగా తాతయ్యా అతనూ ఒకే మెట్టు మీద కూర్చుని టీ తాగుతుండేవారు. మేనేజరు అతన్ని ఆ రోజు నుంచి రావద్దన్నాడు. శనివారం పొద్దున అందరి ముందూ విచారిస్తానని, తప్పు తేలితే పని పోతుందని చెప్పాడు. అది మంగళవారం.

సీరియల్ చివరి భాగం కూడా ఆ రాత్రే. తాతయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాయనమ్మ ఒక్కతే చూసింది.

బుధవారం నేను బట్టలు దండెం మీంచి తీస్తూ ఆగిపోయాను. నాలుగు ప్యాంట్లు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. చిల్లులన్నీ కాళ్ళ అంచుల్లో, రెండు వైపులా, జల్లెడలాగా. యాసిడ్ మడుగులో నిలబడి తుడిచిన మనిషికి తప్ప అక్కడ చిల్లులు పడవు. నాయనమ్మకు చూపించాను. ఆవిడ ప్యాంటు ఎత్తి ఎండకు పట్టి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఖాళీ సోడా డబ్బా తెచ్చి, ఆ ప్యాంట్ల మీద పెట్టింది. సాయంత్రం తాతయ్య వచ్చేదాకా అవి అలాగే మంచం మీద ఉన్నాయి. ఆయన చూశాడు. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి మంచం అంచున కూర్చున్నాడు.

అప్పుడే తలుపు దగ్గర పైపు బాబాయి గొంతు వినబడింది.

"గురువుగారూ, లోపలికి రావచ్చా?"

నాయనమ్మ గబగబా ప్యాంట్లు దుప్పటి కింద తోసింది. అతను లోపలికొచ్చి స్టూలు మీద కాకుండా గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"మీ మాటంటే మేనేజరు వింటాడు. నా తరఫున ఒక్క ముక్క చెప్పండి గురువుగారూ. మూతలు చూసుకునే కడుగుతాను. మీరే కదా నేర్పింది. అయినా..." అని తల గోక్కున్నాడు. "నిన్నటి నుంచీ ఆలోచిస్తున్నా. ఎప్పుడైనా మరిచానేమో. ఎనిమిది బండ్లు పాడయ్యాయంటే, మరిచే ఉంటాను. తప్పు నాదేనని ఒప్పేసుకుని కాళ్ళు పట్టుకుంటే ఉంచుతాడంటారా?"

చెయ్యని తప్పు చేశానని ఆ మనిషి నమ్మేశాడు. గురువుగారు చెప్పారు కాబట్టి.

"చూద్దాంలే" అన్నాడు తాతయ్య, నేలకేసి చూస్తూ. బాబాయి రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నేనేమీ చెయ్యలేదు, అయినా కాలాయి.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని తాతయ్య మొదట నీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. నాయనమ్మ చెయ్యి గాల్లో ఆగింది.

"పొంగుతారండీ" అంది మెల్లగా.

ఆయన కంచం పక్కకు జరిపి లేచిపోయాడు.

గురువారం మేనేజరు గదికి వెళ్ళాడట. లోపలికి పోయి, ఆ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోందని చెప్పి వచ్చేశాడు. శుక్రవారం మళ్ళీ వెళ్ళి ఆ ఫ్యానుకు నూనె వేసి వచ్చాడు. శనివారం పొద్దున నాయనమ్మ నా చేతిలో ఆయన టిఫిన్ డబ్బా పెట్టింది. "నువ్వు వెంట వెళ్ళు. దారిలో ఏ ఫ్యానూ కనబడకుండా చూడు" అంది.

చిల్లుల ప్యాంటు నేనింకా కుట్టలేదు. దాన్నే తొడుక్కున్నాడు.

షెడ్డులో డ్రైవర్లందరూ నిలబడి ఉన్నారు. బాబాయి ఒక మూల, చేతులు కట్టుకుని. మేనేజరు ఇంకా నోరు తెరవకముందే తాతయ్య ముందుకొచ్చాడు. చేతిలో గాజు గొట్టం ఉంది.

"అతను మూతల మీద నీళ్ళు కొట్టలేదు. పైపు నీళ్ళు పడితే మూతల మీద మట్టి ఉంటుంది. ఇది యాసిడ్. లోపల్నించి పొంగింది. చార్జింగుకి ముందు నీళ్ళు పోసింది నేను. రెండు వారాలు పోశాను" అన్నాడు. తర్వాత వంగి ప్యాంటు అంచు పట్టుకుని చూపించాడు.

"మీరా? ఎందుకు గురువుగారూ?" అన్నాడు మేనేజరు.

అసలు బాధ అక్కడుంది. ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. కళ్ళు కనబడ్డం లేదని చెప్పొచ్చు. అందరూ జాలిపడేవాళ్ళు. నేనైతే అదే చెప్పేదాన్ని.

"సీరియల్ చూడ్డానికి" అన్నాడు.

ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. మేనేజరు కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు. లావుపాటి డ్రైవరొకడు గోడ పట్టుకుని నవ్వాడు. తాతయ్య ఆ నవ్వుల మధ్య గొట్టం పట్టుకుని నిలబడే ఉన్నాడు. నాకు టిఫిన్ డబ్బా అక్కడే పడేసి పారిపోవాలనిపించింది. నవ్వనిది బాబాయి ఒక్కడే. అతను తాతయ్య మొహంలోకి ఒక్కసారి చూసి, మూలనున్న పైపు తీసుకుని, కుళాయి తిప్పి మూడో నంబరు బండి కడగడం మొదలుపెట్టాడు.

తాతయ్యను పనిలోంచి తియ్యలేదు. బ్యాటరీ గది తాళం, నీళ్ళ డబ్బా మాత్రం బాబాయికి ఇచ్చారు. ఇప్పుడు తెల్లవారి ఐదింటికి తాతయ్య వెళ్ళి అతని ముందు నిలబడాలి.

"చార్జింగు అయిందా?" అని అడుగుతాడతను.

"అయింది."

అప్పుడు డబ్బా ఇస్తాడు. అంతకుమించి మాట లేదు. టీ వేర్వేరు మెట్ల మీద. గురువుగారూ అనడం మానేశాడు. తాతయ్య ఇంట్లో మా చేతుల మీద కొట్టడం మానేశాడు. మేం ముందు నీళ్ళు తాగినా చూడనట్టే ఉంటాడు. అది చూసి నేనే బుద్ధిగా తర్వాత తాగుతున్నాను.

అలా నాలుగు నెలలు గడిచాయి. మొన్న ఒకరోజు తాతయ్య పని నుంచి వచ్చి, చెప్పులతోనే వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఏమే, ఆ సీరియల్లో పిల్ల చివరికి ఇల్లు వదిలి వెళ్ళిపోయిందట కదా! నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. నేనేం చెప్పను?" అంది నాయనమ్మ. చేతిలో గరిటె ఆపి అడిగింది. "మీకెవరు చెప్పారు?"

"డబ్బా ఇస్తూ చెప్పాడు" అన్నాడు తాతయ్య. "వాళ్ళావిడ చూసిందట."

చెప్పి, తల దించుకుని, చెప్పులు విప్పడానికి గుమ్మం బయటికి వెళ్ళాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది.